పెట్టెనిండా పుస్తకాలే, రాసేవాళ్లే దొరకడం లేదు



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. చదివాక చప్పట్ల బొమ్మ పెట్టి వెళ్లిపోకండి. ఆ బొమ్మ మీద కూడా ఇందులో రెండు మాటలున్నాయి.

ఏలూరులో మన సీనియర్లు అద్దెకుంటున్న గదిలో మంచం కింద ఒక ఇనప పెట్టె ఉంది. ఒకప్పుడు ఆశ్రమ పాఠశాలకి బట్టలు సర్దుకుని వెళ్లిన పెట్టె. ఇప్పుడందులో ముప్పైకి పైగా పుస్తకాలున్నాయి. కథలు, కవిత్వం, రెండు నవలలు, ఒక సిద్ధాంత గ్రంథం, పోటీ పరీక్షల గైడ్లు, 1/70 మీద ఒక చిన్న పుస్తకం, ఒక కోయ వాచకం. కొన్ని మనం కొన్నవి, కొన్ని రచయితలే పంపినవి. సమీక్షకి రెండు ప్రతులు పంపడం తెలుగు పత్రికల దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, మనకీ అలాగే రెండేసి పంపుతున్నారు. ఒకటి రాసేవాళ్లకి, ఒకటి మన దగ్గర దాచుకోడానికి. రెండూ పెట్టెలోనే ఉండిపోతున్నాయి.

మూడేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు ఇలా అవుతుందనుకోలేదు. 'నెలకి రెండు పుస్తకాల మీద మన వాళ్లే రాయాలి, స్వచ్ఛందంగా ముందుకు రండి' అని అడిగిన రోజు నలభై మంది దాకా 'నేను రాస్తా' అన్నారు. దండాలు, చప్పట్లు, పిడికిళ్లు. సరే, పంచాం. తాడేపల్లిగూడెం వాళ్లకి ప్యాసింజర్ రైల్లో పట్టుకెళ్లి ఇచ్చాం. కైకలూరు వైపు ఊరెళ్లే తమ్ముడి చేత పంపాం. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు వాళ్ల సంచుల్లో సెలవులకి వెళ్లేటప్పుడు పెట్టాం. ఆరు నెలలకి చేతికొచ్చినవి ఏడు. అందులో రెండు, పుస్తకం ముందుమాటనే అటుదిటు ఇటుదటు చేసినవి. ఒకటి ఫోన్లో ఏఐ చేత రాయించింది. ఎలా తెలిసిందంటే అందులో మెచ్చుకున్న పాత్ర ఆ నవల్లో లేనే లేదు. ఇంకో మూడు చివర ఒకే వాక్యంతో ముగిశాయి: ఈ రచయిత కలం నుంచి మరిన్ని ఆణిముత్యాలు జాలువారాలని ఆశిద్దాం.

వీటిని చదివింపుల సమీక్షలు అంటాం మేము. పెళ్లిలో చదివింపులు ఎలాంటివో ఇవీ అలాంటివే. ఇవాళ నీ పుస్తకానికి నేను రాస్తే రేపు నా పుస్తకానికి నువ్వు రాయాలి. ఎవరెంత రాశారో ఒక లెక్క ఉంటుంది. పుస్తకం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఏడోది మాత్రం నిజమైన సమీక్ష. దాన్ని మేమే పాడుచేశాం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

అది పోలవరం ముంపు మీద మన సీనియర్ అన్న ఒకాయన అచ్చేసుకున్న కవితల పుస్తకం. రాసింది ఒక కొండరెడ్డి తమ్ముడు. వాళ్ల ఊరు ముంపులో పోయింది, ఇల్లు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంది. పుస్తకంలో నచ్చినవాటి గురించి మంచిగానే రాశాడు. ఆ తర్వాత రెండు పేరాలు ఇలా ఉన్నాయి. పుస్తకం నిండా గోదారమ్మ ఏడుస్తోంది, ఊళ్లు మునుగుతున్నాయి కానీ మునిగిన ఒక్క ఊరికి కూడా పేరు లేదు, ఒక్క చెట్టుకీ పేరు లేదు, ఎవరి పొలం ఎటుందో లేదు. ఇంకో కవితలో మామిడి టెంకల అంబలిని పండగ వంటలాగా రాశారు. అది పండగ వంట కాదు, ఇంట్లో గింజలు అయిపోయిన వానాకాలం నెలల్లో కడుపు నింపుకోడానికి కాచుకునేది, మా నాయనమ్మ దాని పేరెత్తితేనే ముఖం తిప్పుకునేది అని రాశాడు.

మేము ఆ రెండు పేరాలు తీసేసి పెట్టాం. ఎందుకంటే ఆ అన్న మనలో చాలామందికి సాయం చేసినవాడు. హాస్టల్ సీటు కోసం తిరిగాడు, స్కాలర్‌షిప్ ఆగితే ఆఫీసుల చుట్టూ మాతో పాటు నడిచాడు. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకున్నాం. తమ్ముడికి చెప్పకుండానే తీసేశాం, అది ఇంకా పెద్ద తప్పు. అతను చూసుకుని ఒకటే మాటన్నాడు: "మీకు సమీక్ష వద్దన్నా, సన్మానపత్రం కావాలి." ఆ రోజు నుంచి రాయలేదు.

తర్వాతే అసలు సంగతి జరిగింది. కొన్నాళ్లకి ఆ కవి అన్నే మాకు ఫోన్ చేశాడు. "ఏంట్రా, ఎవరూ ఒక్క తప్పు కూడా పట్టలేదు. అసలు చదివారా?" అని. నీళ్లు నమిలి, చివరికి ఆ రెండు పేరాలు పంపాం. గంట తర్వాత తిరిగి చేశాడు. "అంబలి మాట నిజమేరా. నేను మూడో తరగతి నుంచి హాస్టళ్లలోనే పెరిగాను. మా ఇంట్లో నేను ఉన్నది పండగలకే, నేను తిన్నదంతా పండగ వంటే" అన్నాడు. ఆ మాటకి మాలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ అన్న తట్టుకోలేడని మేమే అనుకున్నాం. తట్టుకోలేనిది మేమని అప్పుడు తెలిసింది.

కొందరు పెద్దలు మాతో ఏకీభవించరు. "మన వాళ్లు పుస్తకం రాయడమే గొప్ప. అందులో తప్పులు మనమే వెతికితే బయటవాళ్లు నవ్వరా?" అంటారు. ఈ మాటని మేము తేలిగ్గా తీసెయ్యడం లేదు. నిన్నమొన్నటిదాకా మన పేరుతో పుస్తకాలే లేవు. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు, రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' చదివి 'ఇలా మనం కూడా రాయొచ్చా' అని ఆశ్చర్యపోయిన తమ్ముళ్లు మనలో ఉన్నారు. 2024లో 'ఢావ్లో'కి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వస్తే అది తండాకే వచ్చినట్టు స్వీట్లు పంచుకున్నాం. అలాంటప్పుడు విమర్శ ఎందుకంటారు.

ఎందుకో జార్ఖండ్‌లో జరిగింది చూడండి. సంతాల్ డాక్టరు, రచయిత హాంస్దా సౌవేంద్ర శేఖర్ 2015లో 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' అనే కథల పుస్తకం వేశాడు. రెండేళ్ల తర్వాత, అందులో సంతాల్ స్త్రీలని కించపరిచాడని ఆయన సొంత జనంలోనే కొందరు గొడవ చేశారు, దిష్టిబొమ్మ కాల్చారు. 2017 ఆగస్టులో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, ఆయన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. ఆ డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. ఆ కథల్లో తప్పుందా లేదా అన్నది చదివినవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. కానీ నచ్చని పుస్తకం మీద నాలుగు పేజీలు రాసే అలవాటు మనకి లేకపోతే, మిగిలేది రెండే పనులు: నెత్తిన పెట్టుకోవడం, లేదంటే తగలబెట్టడం. మనం ఇప్పటికి మొదటిదాంట్లో ఉన్నాం. రెండోది ఎంతో దూరం లేదు.

ఇంకో రకం పుస్తకాలున్నాయి. వాటి దగ్గర సమీక్ష లేకపోతే జరిగే నష్టం మనసు కష్టపడడంతో పోదు.

పోయినేడాది ఒక ఎరుకల చెల్లెలు గ్రూప్స్‌కి చదువుతూ పాత పుస్తకాల దుకాణంలో ఒక గైడు కొనుక్కుంది. అందులో తెగల గురించి రెండు పేజీలున్నాయి. ఎరుకల గురించి ఉన్న నాలుగు వాక్యాల్లో ఒక వాక్యం వాళ్ల వృత్తిని దొంగతనంతో ముడిపెట్టింది. ఆ పేజీని పరీక్ష కోసం తను బట్టీ పట్టాలి. రాత్రి పది గంటలకి మాకు ఆ పేజీ ఫోటో పంపి, కింద ఏమీ రాయలేదు.

ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాం. చాలా దూరం వెళ్లాల్సొచ్చింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మనుషుల ముక్కులు కొలిచి పట్టికలు వేసిన ఆయనే. ఎరుకలు, కొరవల గురించి పోలీసులు చెప్పిన సంగతులు ఆ సంపుటాల్లో పేజీలకి పేజీలున్నాయి. రెండేళ్లకి, 1911 చట్టంతో, నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పుట్టింది. తాత ముత్తాతలు హాజరు వేయించుకోకుండా ఊరు కదలకూడని రోజులవి. 1952లో ఆ చట్టం రద్దయింది. అది పోయి డెబ్భై ఏళ్లు దాటినా ఆ వాక్యం మాత్రం పోలేదు. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి, ఆ పుస్తకం నుంచి గైడులోకి, గైడు నుంచి మన చెల్లెలి నోట్సులోకి నడిచొచ్చింది. దారిలో ఎక్కడా 'ఇది తప్పు' అని రాసి అడ్డం నిలబడినవాళ్లు లేరు. 1909లో ఎరుకలవాళ్లు రాద్దామన్నా వేసుకునే చోటు ఎక్కడుంది? మరి ఇప్పుడు ఉంది కదా. ఇప్పుడు కూడా రాయకపోతే ఆ బాధ్యత మనదే.

ఆ చెల్లెలు రాసింది. గైడు మీద సమీక్ష. ఆ నాలుగు వాక్యాలే కాదు, మొత్తం పుస్తకం చూసి రాసింది. సైన్సు భాగం బాగుంది, ఆర్థిక శాస్త్రం పాత లెక్కలు, తెగల పేజీలు చించి పారెయ్యండి అని. 1/70 గురించి గైడులో ఉన్న తప్పు పట్టుకోడానికి జీలుగుమిల్లి తమ్ముడొకడు సాయం చేశాడు. 'గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మకూడదు' అని మాత్రమే రాసి వదిలేశారు అందులో. ఆ మాత్రం 1959 రెగ్యులేషన్లోనే ఉంది. 1970 సవరణ తెచ్చిన అసలు మార్పు ఏంటంటే, ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని అతనే రుజువు చేసుకోవాలి. ఈ రెండు ముక్కలూ ఆ తమ్ముడికి పుస్తకంలోంచి రాలేదు. వాళ్ల నాన్న కేసు కాగితాల్లోంచి వచ్చాయి. లాయరు గారు రాసినా ఇంత బాగా పట్టేవారో లేదో.

ఆ సమీక్ష చూసి ఎంతమంది ఆ గైడు కొనడం మానేశారో తెలీదు గానీ, పబ్లిషరుకి రాసిన ఉత్తరానికి మాత్రం ఇంతవరకూ జవాబు లేదు.

మంచి సమీక్షకులు ఎవరు అంటే మేము ఇన్నాళ్లూ తప్పుగా వెతికామని దీంతో తెలిసింది. తెలుగు ఎమ్మే చదివినవాళ్లని అడిగాం. శైలి, శిల్పం, పాత్రచిత్రణ అనే మాటలు వచ్చినవాళ్లని అడిగాం. మిగిలినవాళ్లు 'మాకు సాహిత్యం రాదన్నా' అని తప్పుకుంటే వదిలేశాం.

కొల్లేరు సంగతి చెప్తాం. అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు' నవల మన దగ్గరుంది. కైకలూరు వైపు ఒక యానాది చెల్లెలికి ఇచ్చాం. వాళ్ల నాన్న చేపల చెరువు కాపలా. గట్టు మీద గుడిసెలో పెరిగింది. మావు ఎలా అల్లుతారో, తాటిదోనె మీద కాలెక్కడ పెడితే బోర్లా పడతామో తనకి తెలుసు. గుర్రపుడెక్క కింద కొరమేను ఎక్కడ దాక్కుంటుందో కూడా తెలుసు. నాలుగు నెలల తర్వాత 'నావల్ల కాలేదన్నా, ఏం రాయాలో తెలీలేదు' అని పుస్తకం తిరిగిచ్చేసింది. మేము తీసుకుని పెట్టెలో పడేశాం.

ఏడాది తర్వాత పెట్టె సర్దుతుంటే పుస్తకం తెరిచి చూశాం. పేజీల అంచుల నిండా సన్నగా పెన్సిల్ గుర్తులు. 'ఇది నిజం.' 'మా నాన్న ఇలా చెప్పడు.' 'ఇది అమ్మకి చదివి వినిపించాలి.' కొన్నిచోట్ల ప్రశ్న గుర్తు ఒక్కటే. వెనక అట్ట లోపల ఒక ప్రశ్న రాసి ఉంది: "2006లో గట్లు కొట్టేసినప్పుడు ఓనర్లు కోర్టుకెళ్లారు. కాపలా వాళ్లు ఎక్కడికెళ్లారు?"

కొల్లేరు గురించి మనం చదివినదాంట్లో ఏముంటుంది? 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు, 2006లో ఆపరేషన్ కొల్లేరు. పరీక్షలో అడిగితే అందరం రాస్తాం. ఆటపాకలో గూడబాతుల ఫోటోలు తీసుకుంటాం. కాపలా గుడిసె మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. ఆ చెల్లెలి ప్రశ్న ఆ నవలకే కాదు, కొల్లేరు మీద వచ్చిన ప్రతి రిపోర్టుకీ సమీక్షే. మేము దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాం. అప్పటికి ఆ అమ్మాయి డిగ్రీ మధ్యలో ఆపేసి విజయవాడలో బట్టల షాపులో చేరిపోయింది. పుస్తకం గురించి ఫోన్ చేస్తే నవ్వి, 'అదేం సమీక్షన్నా, గీతలు కదా' అంది.

ఇక్కడ 'స్వచ్ఛందంగా' అనే మాట గురించి మాట్లాడుకోవాలి. ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆదివారం పెళ్లి క్యాటరింగుకి వెళ్లి వడ్డిస్తే చేతికి నాలుగు రూపాయలొచ్చే తమ్ముణ్ణి, ఆ పని మానుకుని ఊరికే పుస్తకం చదివి రాయమని అడుగుతున్నాం. చదవడానికి పది గంటలు, రాయడానికి రెండు రాత్రులు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి వెళ్లడానికి చార్జీలు. అమ్మాయిలకైతే హాస్టల్లో లైట్లు ఆర్పే టైము, ఇంటికెళ్తే పొయ్యి దగ్గర పని. ఖాళీ ఉన్నవాళ్లే స్వచ్ఛందంగా రాయగలరు. మనలో ఖాళీ ఎవరికుంది?

ఖాళీ ఉన్నవాళ్లు బయట ఉన్నారు. అడగ్గానే రాసిస్తారు కూడా, మంచి మనసుతోనే. కానీ మొదటి వాక్యంలోనే 'కల్లాకపటం తెలియని అడవి బిడ్డలు' అని వచ్చేస్తుంది. కొల్లేటి గట్టు మీద పుట్టిన యానాది పిల్లకి అడవి ఎక్కడ కనపడిందండీ? బుట్టాయగూడెం సంతలో కందులు తూకం వేయించుకునే కోయ అక్క దగ్గర ఒకసారి నిలబడి చూడండి, కల్లాకపటం ఎవరికి తెలుసో ఎవరికి తెలీదో అర్థమవుతుంది. బయటవాళ్లు రాయొద్దని మేము అనడం లేదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసమే జీవితం పెట్టారు, 1962లో 'ది యానాదీస్' రాశారు. హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' వేశాడు, మన పాపికొండల మనుషుల గురించి. వాళ్లు రాయకపోతే కొన్ని సంగతులు అసలు మిగిలేవే కాదు. మేం అనేదల్లా, ఆ పుస్తకం పట్టుకుని ఒక కొండరెడ్డి పిల్లాడు 'ఈ పేజీ మా తాత చెప్పినట్టే ఉంది, ఈ పేజీ లేదు' అని తెలుగులో రాసింది మాకు ఇంతవరకూ కనపడలేదు అని. ఎనభై ఏళ్లయింది.

కోయ వాచకం సంగతీ ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు, అందులో కోయ ఒకటి. కుక్కునూరు అన్న ఒకాయన ఒక పాఠం చదివి, "ఈ మాట మా ఊళ్లో ఇలా అనం, అవతలి ఒడ్డున అంటారేమో" అన్నాడు. ఒకటో తరగతి పిల్లాడి మొదటి పుస్తకం అది. దాని మీద ఆయన అన్న ఆ ఒక్క మాటే మా దగ్గరున్న సమీక్ష.

అమెరికాలో నంబే ప్యూబ్లో తెగకి చెందిన డెబ్బీ రీస్ అనే ఆవిడ 2006 నుంచి ఇదే పని పెట్టుకుంది. పిల్లల పుస్తకాల్లో తమ జనాన్ని ఎలా రాశారో ఒక్కో పుస్తకం తీసి చూపిస్తుంది. ఏది కొనొచ్చో, ఏది వద్దో మొహమాటం లేకుండా చెబుతుంది. అక్కడ లారా ఇంగాల్స్ వైల్డర్ పేరు మీద పిల్లల సాహిత్యానికి పెద్ద అవార్డు ఉండేది. ఆమె పుస్తకాల్లో ఆదివాసుల గురించి, నల్లవాళ్ల గురించి ఉన్న రాతల వల్ల 2018లో ఆ అవార్డు పేరు మార్చేశారు. ఒక్క మనిషి వల్ల అయింది కాదది. ఏళ్ల తరబడి చాలామంది పేజీ నెంబర్లతో సహా రాస్తూ పోతే అయింది.

మనకి దగ్గర్లోనే ఇంకో పేరుంది. మనలో పది మందైనా ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివినవాళ్లుంటారు. ఆ కట్టమంచి రామలింగారెడ్డి ఎవరని అడిగితే వైస్ చాన్సలర్ అంటారు. ఆయన 'కవిత్వతత్త్వ విచారము' రాశాడు. నెత్తిన పెట్టుకున్న ప్రబంధ కవుల్ని పట్టుకుని 'ఇక్కడ బాగాలేదు' అని ముఖం మీదే చెప్పిన పుస్తకం. పండితులు మండిపడ్డారు. అయినా తెలుగులో ఆధునిక విమర్శ అంటే ఆ పుస్తకం దగ్గర మొదలుపెడతారు. రోజూ ఆయన పేరున్న గేటులోంచి వెళ్తూ 'అన్న బాధపడతాడు' అని పేరాలు కోసేశాం మేము. ఇది రాస్తుంటే మాకే సిగ్గుగా ఉంది.

డబ్బు సంగతికి వద్దాం. 'డబ్బిస్తే సేవాభావం పోతుంది' అని ఒక వాదన ఉంది. మేము ఒప్పుకోం. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో పుస్తక సమీక్షకుడి బతుకు మీద ఒక వ్యాసం రాశాడు. చలిగదిలో, చల్లారిన టీ పక్కన పెట్టుకుని, చదవని పుస్తకాల మీద రాత్రికి రాత్రి పొగడ్తలు రాసే మనిషి గురించి. ఆయన చెప్పిన మందు మనకీ పనికొస్తుంది: చాలా పుస్తకాల్ని వదిలెయ్యండి, ముఖ్యమైన కొన్నిటి గురించే పొడుగ్గా రాయించండి. ఆ గదిలో మనిషికి కాస్తో కూస్తో డబ్బు వచ్చేది. మన తమ్ముడికి అదీ లేదు. కాబట్టి నెలకి రెండు పుస్తకాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాం. రెండు నెలలకి ఒక్కటి చాలు. రాసినవాళ్లకి పుస్తకం సొంతం, బస్సు చార్జీలు మనవి, పైన ఒక క్యాటరింగ్ ఆదివారం పోగొట్టుకున్నంత డబ్బు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తలో చెయ్యి వెయ్యాలి. టీచర్లు, సచివాలయం ఉద్యోగులు, రైల్వే వాళ్లు చాలామంది ఉన్నారు ఇందులో. చప్పట్ల బొమ్మ బదులు అది పంపండి.

ఇంకో మాట, పుస్తకం అడగడానికి సిగ్గుపడకండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఏలూరు జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవడం మనకెవరూ చేసే ఉపకారం కాదు.

రాసే పద్ధతి కూడా మార్చుకుంటున్నాం. పెన్సిల్ గుర్తులున్న పుస్తకం తిరిగిచ్చినా సమీక్షే, మేమొచ్చి కూర్చుని అడిగి రాసుకుంటాం. ఫోన్లో కోయలో మాట్లాడి పంపినా సరే. గైడ్ల మీద, చట్టాల పుస్తకాల మీద, చేపల పెంపకం మీద, దేని మీదైనా. రచయిత మీకు మేనమామో, బాబాయో, హాస్టల్ సీనియరో అయితే రాయొచ్చు గానీ ఆ చుట్టరికం మొదటి లైన్లో చెప్పాలి. అక్షర దోషాలు తప్ప మేము ఏదీ ముట్టుకోం. అవి కూడా మీకు చూపించే దిద్దుతాం. ఈ చివరి మాట మీద మీకు నమ్మకం రావడానికి టైము పడుతుందని మాకు తెలుసు.

పోయిన నెల మాలో ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్లాం. ఆ కొండరెడ్డి తమ్ముడు ఇప్పుడు అక్కడే చదువుతున్నాడు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కలిశాడు. మొత్తం సమీక్ష, కోసేసిన రెండు పేరాలతో సహా, ప్రింట్ తీసి పట్టుకెళ్లాం. క్షమించమని అడిగాం. ఏం మాట్లాడకుండా చివరిదాకా చదివాడు. "మామిడి టెంకల దగ్గర ఈ కామా నేను పెట్టలేదే" అన్నాడు. పెన్ను తీసి కామా కొట్టేశాడు. కవి అన్న అన్న మాట కూడా చెప్పాం. దానికి తల ఊపి, టీ గ్లాసు పక్కన పెట్టి, మా సంచిలో ఇంకేం ఉన్నాయని అడిగాడు. 1/70 పుస్తకం తీసుకుని తిరగేశాడు. "సెమిస్టర్ పరీక్షలున్నాయన్నా. అయ్యాక చూస్తాను. రాస్తానని మాత్రం అనలేదు" అన్నాడు.

పుస్తకం అతని దగ్గరే ఉంది. రెండో ప్రతి పెట్టెలో ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.